ఊపిరి బిగపట్టిన కుందేలు

మోచేతి కింద ఒక గులకరాయి ఉంది. తీసి పారేద్దామంటే చెయ్యి కదపాలి, చెయ్యి కదిపితే గడ్డి కదులుతుంది, గడ్డి కదిలితే ఎదుటి గట్టు మీదికి ఇంకా రాని కుందేలు అసలు రావడమే మానుకుంటుంది, కాబట్టి ఈ పూటకి గులకరాయీ నేనూ సర్దుకుపోవాలి, ఇన్నేళ్ళ కాపురంలో సర్దుకుపోవడం నాకేమంత కొత్త కాదు, ఈ మాట మా ఆవిడ చెవిన పడితే సర్దుకుపోయిందెవరో ఇప్పుడే తేలుద్దాం కూర్చోమంటుంది. ఆవిడ ఈపాటికి లేచి ఉంటుంది. వంటింట్లో లైటు వేసి, పొయ్యి వెలిగించబోయి, ఇవాళ పిడుగు ఏమీ తినకూడదన్న సంగతి గుర్తొచ్చి, పిల్ల పస్తుంటే మనకెలా దిగుతుందిలే అనుకుని పొయ్యి కట్టేసి ఉంటుంది. పిడుగు అంటే మా మనవరాలు. దానికి వాళ్ళమ్మ పెట్టిన పేరు వేరే ఉంది, బడిలో ఆ పేరుతోనే పిలుస్తారు, ఇంట్లో మాత్రం అది మొదటి నుంచీ పిడుగే. నిన్న పడుకోబోయే ముందు నా గది గుమ్మంలో నిలబడి, తాతా, తోక కాదు, మొహం, అని మరోసారి గుర్తు చేసి వెళ్ళింది. మొహమే తెస్తానన్నాను. అనడం వరకూ బాగానే అన్నాను. ఇప్పుడు బోర్లా పడుకుని, కెమెరా మూతి గడ్డిలోంచి బయటికి పెట్టి, బూడిద రంగు తప్ప ఇంకేమీ తేలని పొలాన్ని చూస్తూ, తేవడం ఎలాగా అని ఆలోచిస్తున్నాను.

కావలసింది ఒక్క ఫొటో. కుందేలు కదలకుండా నా వైపు తిరిగి ఉండాలి. అదీ ఊరికే తీస్తే చెల్లదు, ముందు నేను దానికి నా పాత మాటలు చెప్పాలి, మనసులో కాదు, పైకి, చెప్పాక కూడా అది కదలకూడదు, అప్పుడు తీసిన ఫొటో అయితేనే లెక్క. అలాంటి ఫొటో చూపిస్తే పిడుగు ఇవాళ ఆస్పత్రిలో ఆ పెద్ద స్కానింగ్ మెషిన్ బల్ల మీద కదలకుండా పడుకుంటుంది, ఊపిరి బిగపట్టమన్నప్పుడు బిగపడుతుంది. లేకపోతే పడుకోదు. పడుకోకపోతే మత్తు ఇచ్చి పడుకోబెడతారు, అందుకే ఎందుకైనా మంచిదని పరగడుపున తీసుకురమ్మన్నారు. జ్వరం తగ్గాక కూడా ఊపిరితిత్తి మూల ఒక మచ్చ మిగిలింది, భయపడాల్సింది కాదు, పోతూ పోతూ జ్వరం వదిలేసి వెళ్ళిన మరకే అయి ఉంటుంది, కానీ ఒకసారి స్పష్టంగా చూస్తే అందరం హాయిగా ఉంటాం అన్నాడు డాక్టరు. మచ్చ గురించి నాకూ బెంగ లేదు, అలాంటివి చాలా చూశాను. మా అమ్మాయి బెంగంతా మత్తు మీదే. పిడుగు పాలు తాగే వయసులో చెవికి చిన్న ఆపరేషను చేయాల్సొచ్చి మత్తిస్తే, ఇదిగో లేస్తుంది అదిగో లేస్తుందంటూ పొద్దు గూకేదాకా లేవలేదు. ఆ రోజు మంచం పక్కన కూర్చున్న మా అమ్మాయి మొహం నేనింకా మరిచిపోలేదు. ఇంకోసారి ఆ మొహం చూడటం నా వల్ల కాదు, అందుకే తెల్లవారకుండా వచ్చి ఈ గడ్డిలో పడుకున్నాను.

అలాగని దిగులుగా ఉన్నానా అంటే లేను, చెప్పుకుంటే సిగ్గుగానీ సుఖంగానే ఉన్నాను. మట్టి చల్లగా ఉంది, చొక్కా బొత్తాల మధ్యనుంచి ఆ చల్లదనం పొట్టకి తగులుతోంది. ఎక్కడో నీళ్ళ మోటారు ఆన్ చేశారు, దాని చప్పుడు వచ్చీ రానట్టు వస్తోంది. ఈ పొలాన్ని ఆసామి ఈ ఏడు దున్నకుండా వదిలేశాడు, వదిలేసిన చోట గడ్డి మోకాలెత్తు లేచింది, గట్టు పక్కన ముళ్ళ పొదలున్నాయి, పొదలకీ గడ్డికీ మధ్య కుందేళ్ళు నడిచి నడిచి వేసుకున్న సన్నటి బాట ఒకటుంది. మనుషుల్లాగే అవీ తెలిసిన దారినే పోతాయి. మా అమ్మ కుందేలనేది కాదు, చెవులపిల్లి అనేది, ఎంత బాగుంది ఆ మాట, చూసినవాళ్ళెవరో మొదట చెవులు చూసి ఉంటారు, ఆ తర్వాత చూద్దామనుకునేలోపు మిగతా పిల్లి వెళ్ళిపోయి ఉంటుంది. నా దగ్గరున్న ఫొటోలన్నీ అలాంటివే. చెవులు, తోక, గాల్లో వెనక కాళ్ళు, ఎగిరిన మట్టి. మా ఊళ్ళో ఫొటోలు వేసే షాపాయన ఒకసారి అవన్నీ టేబులు మీద పరిచి, సార్, మీ కుందేళ్ళన్నిటికీ ఎక్కడో అర్జెంటు పనున్నట్టుందే అన్నాడు. నవ్వి ఊరుకున్నాను, లోపల మాత్రం కాలింది.

ఎందుకంటే నా ముందు కదిలినవాళ్ళు లేరు. ఉద్యోగమంతా ఎక్స్‌రే గదిలో చేసినవాణ్ణి. తలుపు మీద ఎర్ర బల్బు, మెడకి తగిలించుకుంటే భుజాలు గుంజే సీసపు ఏప్రాన్, చల్లటి బల్ల, బల్ల మీద పరిచిన దుప్పటి మూలకి ఎవరో సూదితో కుట్టిన ఆస్పత్రి గుర్తు, అన్నీ ఇప్పుడు కళ్ళు మూసుకున్నా కనపడతాయి, కళ్ళు మూసుకోకూడదు, కుందేలు సరిగ్గా అప్పుడే వస్తుంది. నేను చెప్పే మాటలు మూడు. ఊపిరి పీల్చండి. బిగపట్టండి, కదలకండి. ఇక వదలండి. ఆ మాటలకి ఎంతటివాళ్ళయినా కిక్కురుమనేవాళ్ళు కాదు. ఊరందరినీ గడగడలాడించే ఆఫీసర్లు, పిల్లల్ని నిలబెట్టి అలవాటైన హెడ్మాస్టరమ్మ, గొడవపడి ఒకరి పక్కటెముక ఒకరు విరగ్గొట్టుకుని ఒకే రిక్షాలో దిగిన అన్నదమ్ములు, అందరూ గడ్డం పైకెత్తి బుద్ధిగా ఊపిరి బిగపట్టేవాళ్ళు. ఒకసారి రెండో మాట అయ్యాక ఎవరో తలుపు కొట్టి పిలిచారు, వాళ్ళతో మాట్లాడుతూ మూడో మాట మరిచిపోయాను, తిరిగి చూసేసరికి ఒక పెద్దాయన మొహం కందిపోయి, బుగ్గలు ఉబ్బి, వదలమంటావా బాబూ అన్నట్టు వేళ్ళతో సైగ చేస్తున్నాడు. పరుగున వెళ్ళి వదలండి వదలండి అన్నాను. మొదటి రెండు మాటలు మరిచినా ఎక్స్‌రే చెడుతుంది, అంతే, మూడోది మాత్రం మరవకూడదని ఆ రోజు తెలిసింది. ఆ పెద్దాయన వెళ్తూ వెళ్తూ నన్ను దీవించి మరీ వెళ్ళాడు.

అలాంటివాణ్ణి, రిటైరయ్యాక కాలక్షేపానికని కెమెరా కొనుక్కుని, మనుషుల్ని లోపలి నుంచి చూసింది చాల్లే, ఇక బయటి నుంచి ఏదైనా చూద్దామని ఈ పొలానికి వస్తే, ఒక్క కుందేలూ నా మాట... అక్కడే ఉంది కిటుకంతా. నా మాట. నాకు తెలియనే తెలియదు. ఒంటి వాసనకి పారిపోతున్నాయేమోనని సబ్బు మార్చాను, తర్వాత సబ్బే మానేశాను, మా ఆవిడ పక్క గదిలోకి మారుతానని బెదిరించాక మళ్ళీ మొదలుపెట్టాను. చొక్కా రంగు మార్చాను. చప్పుడే చెయ్యని కెమెరా అంటే పాతది ఇచ్చి అది తెచ్చుకున్నాను. అయినా అంతే, సరిగ్గా నొక్కే క్షణానికి అవి కాళ్ళకి బుద్ధి చెప్పేవి. చివరికి మా ఆవిడ, పొద్దున్నే ఎక్కడికెళ్తున్నారో ఏం వెలగబెడుతున్నారో చూస్తాను పదండి అని ఫ్లాస్కూ అల్లిక సంచీ పట్టుకుని బయల్దేరింది, నా వెనకాల గట్టు వారన కూర్చుంది, కుందేలు వచ్చింది, నేను నొక్కాను, అది పారిపోయింది, ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. ఎంతసేపటికీ ఆపదు. ఫ్లాస్కు దొర్లిపోయింది, ఊలు ఉండ గడ్డిలోకి పోయింది.

"ఏమైంది?" అన్నాను.

"మీరు దానికి ఎక్స్‌రే తీస్తున్నారండీ," అంది కళ్ళు తుడుచుకుంటూ.

"నేనా? నేను నోరే ఎత్తలేదే."

"ఎత్తకపోవడమేమిటి, బిగపట్టండి, కదలకండి అని కేకేశారు. కుందేలుకి అండి కూడా పెట్టారు."

అంతా అయ్యాక ఆలోచిస్తే నిజమే. వేలు బటన్ మీద ఆనిందంటే నోరు దానంతటదే ఆ మాట అనేస్తోంది, అన్న సంగతి చెవి కూడా పట్టించుకోవడం లేదు. మర్నాడు ఆవిడే రుమాలు మడిచి నోటికి అడ్డంగా పెట్టి తల వెనక ముడేసింది. ఆ అవతారంలో పడుకుని ఉంటే అటుగా వచ్చిన ఆసామి నన్నెవరో దోచుకుని కట్టి పడేశారనుకుని కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు, ముడి విప్పి, విషయం విని, రుమాలు నా చేతికిచ్చి, మంచిది, కానివ్వండి అని వెళ్ళిపోయాడు. అంత అవమానం పడ్డా ఫలితం లేదు. కుందేలు వచ్చింది, కూర్చుంది, నా వైపే తిరిగింది, నోరు కట్టేసి ఉంది కాబట్టి మాట రాలేదు, మాట రాలేదు కాబట్టి వేలు కదల్లేదు. నొక్కు నొక్కు అని మనసు పోరుతోంది, వేలు మాత్రం ఎవరి ఆజ్ఞ కోసమో ఎదురుచూస్తూ కూర్చుంది. కుందేలు తీరిగ్గా గడ్డి తిని వెళ్ళిపోయింది. ఆ రోజు నేనూ నవ్వాను, ఇంటికెళ్ళాక భోజనం దగ్గర పూసగుచ్చినట్టు చెప్పాను, పిడుగు చేత్తో కంచం పక్కకి నెట్టి మరీ నవ్వింది. ఆ నవ్వే ఇవాళ ఇలా నా మెడకి చుట్టుకుంటుందని నాకేం తెలుసు.

గట్టు మీద ఏదో కదిలింది. కాదు, గాలి. బూడిద రంగులోంచి గడ్డి ఒక్కటే ముందు పచ్చబడుతోంది, పొదలు ఇంకా నల్లగానే ఉన్నాయి. వెలుతురు ఇంకాస్త రావాలి.

ఆ స్కానింగ్ మెషిన్ నా సర్వీసు చివరి రోజుల్లో వచ్చింది. బల్ల దానంతటదే లోపలికి వెళ్తుంది, ఫిల్ము లేదు, కడిగి ఆరబెట్టే తడి లేదు, చీకటి గది లేదు, అన్నిటికంటే నాకు మింగుడుపడనిది, ఊపిరి బిగపట్టమని అదే చెబుతుంది. లోపల ఎవరిదో గొంతు రికార్డు చేసి ఉంచారు. నా దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు నా కుర్చీలో కూర్చుంటున్న అమ్మాయి, సార్, ఆ గొంతు ఎవరికీ అర్థం కావడం లేదు, తీసేసి మీది పెడదాం, మీరు వెళ్ళిపోయినా ఇక్కడ ఉన్నట్టుంటుంది అంది. ఆ మాటకి పొంగిపోయాను. గొంతుకి మాత్రమే పని ఉన్న రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను, గొంతు సవరించుకున్నాను, మైకు ముందు నిటారుగా నిలబడి ఆ మూడు మాటలూ ఖంగుమని చెప్పాను. నేను ఇంట్లో కూర్చున్నా నా గొంతు అక్కడే ఉండిపోయి జీతం లేని కొలువు చేస్తోందని అందరికీ చెప్పుకునేవాణ్ణి. ఇంత చెప్పుకున్నవాణ్ణి ఇంట్లో ఉన్న చిన్నదానికి మాత్రం చెప్పలేదు, చెప్పాలని తోచనే లేదు.

పిడుగుని మొదటిసారి తీసుకెళ్ళిన రోజు నేను గది బయటే ఆగాను. లోపలికెళ్తే తాతగా ఉండాలో టెక్నీషియన్‌గా ఉండాలో తెలియక కాళ్ళకి అడ్డం పడతానని, మా అమ్మాయి హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. పిడుగు గుడ్డ బొమ్మని చంకలో పెట్టుకుని నాకు చెయ్యి ఊపి మరీ వెళ్ళింది, బల్ల ఎక్కి పడుకుందట, బల్ల లోపలికి జరిగినా ఏమీ అనలేదట. తర్వాత ఒక్కసారిగా కేక. అలాంటి కేక దాని నోట ఎప్పుడూ వినలేదు. బయటికి తెచ్చాక నా మెడ పట్టుకుని నా బుగ్గలు, ముక్కు, చెవులు తడిమి తడిమి చూసింది, భయపడిందిలే అనుకున్నాను. మెషిన్ చప్పుడుకి జడుసుకుందని మా అమ్మాయి, ఇరుకుగా ఉంటుంది కదా అని డాక్టరు, పిల్లలంతేనని నేను. అసలు సంగతి మొన్న తల దువ్వుతుంటే అమ్మమ్మ దగ్గర బయటపెట్టింది. అమ్మమ్మా, తాత అందులో ఉండిపోయాడు కదా, మరి బయటికి ఎవరు తీశారు, అని.

ఆవిడ దువ్వెన పట్టుకునే నా గదిలోకి వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఇద్దరికీ. గొంతు రికార్డు చేయడమంటే ఏమిటో పిడుగుని కూర్చోబెట్టుకుని చెప్పాను, ఫోన్లో దాని గొంతే రికార్డు చేసి వినిపించాను, తలాడించింది, అర్థమైందంది. తర్వాత అడిగింది, మరి అందులో తాతకి కోపమెందుకు? కోపం కాదమ్మా, అది ఆస్పత్రి గొంతు అన్నాను. మెషిన్ గొంతు ఆపేస్తాను, ఈసారి మీరే వచ్చి మైకులో చెప్పండి సార్ అని నా కుర్చీలో కూర్చునే అమ్మాయి అంటే ఆ మాటా చెప్పాను. మైకులోంచి కూడా ఆ తాతే వస్తాడేమో అంది. వాళ్ళమ్మ బతిమాలింది, బొమ్మ కొనిస్తానంది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పిడుగు అన్నీ విని, ఎంతో న్యాయంగా, కుందేళ్ళు కూడా తాత అలా అంటే పారిపోతాయి కదా, నేనెందుకు ఉండాలి, అంది. కుందేలు ఉంటే నేనూ ఉంటాను అని అదే చివరికి తేల్చింది, ఆ పైన తోక కాదు, మొహం.

వచ్చింది.

ఎప్పుడు వచ్చిందో చూడలేదు. గట్టు కింద మట్టిపెళ్ళ అనుకున్నది మట్టిపెళ్ళ కాదు. చెవులు వీపు మీదికి వాల్చి, నేలకి కరుచుకుని ఉంది, ఎంతసేపటి నుంచి ఉందో, నేను మా ఆవిడ ఫ్లాస్కు గురించీ ఇస్త్రీ చొక్కా గురించీ ఆలోచిస్తున్నంతసేపూ అది నన్నే చూస్తూ ఉందేమో. కుందేలు కన్ను పక్కన ఉంటుంది, తల తిప్పకుండానే వెనకా ముందూ అంతా చూస్తుంది, సరిగ్గా ముక్కుకి ఎదురుగా ఉన్నదే దానికి సరిగ్గా ఆనదట. నేను సరిగ్గా ముక్కుకి ఎదురుగా ఉన్నాను. ఇంత వయసొచ్చాక ఒకరికి కనపడకపోవడంలో ఇంత హాయి ఉంటుందనుకోలేదు. ఒక చెవి లేపింది. తర్వాత రెండోది. ముందు కాళ్ళ మీద లేచి కూర్చుంది. అదుగో, ఒక చెవిని రెండు కాళ్ళతో పట్టుకుని కిందికి లాక్కుని నాకుతోంది, తలస్నానం చేసిన ఆడపిల్ల జడ ముందుకి లాక్కుని చిక్కు తీసుకుంటున్నట్టు, తొందరేం లేకుండా, మొదలు నుంచి చివరిదాకా. సూర్యుడు ఇంకా పైకి రాలేదు గానీ వెలుగు గట్టు మీద పడింది, చెవి పట్టుకున్నప్పుడల్లా చెవిలోపల గులాబి రంగు, దాంట్లో సన్నటి నరాలు కనపడుతున్నాయి. వెలుతురుకి పెట్టి చూడటం ఎంత అలవాటో నాకు, ఇంత వెచ్చటి ఫిల్ము మాత్రం ఎప్పుడూ చూడలేదు.

ఇప్పుడు చెప్పాలి. వేలు బటన్ మీదికి వెళ్ళింది, గొంతులో మాట లేచింది, ఖంగుమనే మాట, ఇస్త్రీ చొక్కా వేసుకున్న మాట, పళ్ళ దాకా వచ్చింది, గుటకేసి మింగాను. వేలు తీసేశాను. ఆ గొంతుతో అంటే ఇది పోతుంది. ఇది పోతే ఇంకోటి రావడానికి పొద్దు చాలదు, ఎండెక్కిందంటే అన్నీ పొదల్లో దూరి పడుకుంటాయి, పిడుగు ఖాళీ కడుపుతో మొహం మాడ్చుకుని ఆస్పత్రి మెట్లెక్కుతుంది, దాని వెనకాల మా అమ్మాయి. గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే కింద గులకరాయికి వినపడుతోంది. ఏం గొంతుతో చెప్పాలి? నాకు వేరే గొంతు ఏముంది? ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్ద టెక్నీషియన్ అనేవాడు, మెత్తగా చెబితే కదులుతారోయ్ అని, అప్పటి నుంచీ అదే గొంతు, జీవితమంతా అదే, ఇంట్లో కూడా అదేనేమో, కాదు, ఇంట్లో అది కాదు. ఇంట్లో అది కానే కాదు. మెట్ల మీద. ఎప్పుడది, వానలకి ముందు, పెరట్లో పాత చెక్క మీద గెంతుతూ పిడుగు మడమలో పేడు గుచ్చుకుంది. వాళ్ళమ్మని దగ్గరికి రానివ్వలేదు, అమ్మమ్మని రానివ్వలేదు, కుంటుకుంటూ వచ్చి మెట్ల మీద నా ఒళ్ళో కాలు పెట్టింది. మడమ అంతా దుమ్ము, బొటనవేలి గోటికి ఎవరో రంగు వేశారు. సూది పట్టుకున్నాను. ఏమన్నాను అప్పుడు? ఊపిరి తీసుకో తల్లీ. ఆఁ, అలాగే పట్టుకో. కదలకేం. పేడు బయటికొచ్చింది. అయిపోయింది, ఇక వదిలెయ్. అవే. అచ్చంగా అవే మూడు మాటలు. నాకే తెలియకుండా అవే అన్నాను, పిడుగు కదల్లేదు. ఒళ్ళో దాని కాలు కొంచెం కూడా అదరలేదు.

కుందేలు రెండో చెవి అందుకుంది. పొడుగ్గా నాకి, వదిలి, చెవులు రెండూ నిలబెట్టి, మొహం నా వైపు తిప్పింది. మొహం. ముక్కు మాత్రం ఆగకుండా ఆడుతోంది, పెదవి మీద గడ్డి పరక ఒకటి అంటుకుని ఉంది. పిడుగు పుట్టిన రోజు నర్సు గుడ్డలో చుట్టి తెచ్చి చూపిస్తే కళ్ళు విప్పార్చుకుని అందర్నీ ఎగాదిగా చూసింది, కుందేలు పిల్ల కూడా కళ్ళు తెరుచుకునే పుడుతుందని అప్పటికి నాకు తెలియదు. ఇది తల్లో, పిల్లో, మగదో తెలియదు. ఏదైతేనేం. ఒళ్ళో కాలు పెట్టుకున్నట్టే అనుకున్నాను.

"ఊపిరి తీసుకో తల్లీ," అన్నాను.

పైకే అన్నాను. నా చెవికి వినపడింది. దానికీ వినపడింది, చెవులు రెండూ ఒక్కసారి నా వైపు తిరిగాయి, ఒళ్ళంతా బిగిసింది, ఇక పోతుందనుకున్నాను, వెనక కాళ్ళు ఎగరబోతున్నాయనుకున్నాను, ఎగరలేదు.

"అలాగే పట్టుకో. కదలకేం."

ముక్కు ఆగిపోయింది. ఆగకుండా ఆడే ముక్కు ఆగిపోయింది. గడ్డి పరక కూడా ఆగిపోయింది. భయంతో ఆగిందో, విని ఆగిందో, చాటుమాటున ఎన్నో పొద్దులు నన్ను చూసి చూసి వీడు ఉత్త అరుపులవాడేలే అనుకుని ఆగిందో నాకు తెలియదు, తెలిసినట్టు ఎవరికీ చెప్పను కూడా. వేలు దానంతటదే నొక్కింది. ఈ కెమెరా చప్పుడు చెయ్యదు, అందుకని అయిందో లేదో కూడా తెలియలేదు, మళ్ళీ నొక్కాను, మళ్ళీ, అది అలాగే ఉంది, అప్పుడు అర్థమైంది, అది ఇంకా బిగపట్టుకునే ఉంది. మూడో మాట నేను చెప్పలేదు. ఇన్నాళ్ళలో ఒక్క కుందేలుకీ మూడో మాట చెప్పే అవకాశమే రాలేదు, ఆ మాట వినడానికి ఏదీ మిగిలేది కాదు.

"అయిపోయింది," అన్నాను. "ఇక వదిలెయ్."

ముక్కు మళ్ళీ ఆడింది. పెదవి మీద గడ్డి పరకని లోపలికి లాక్కుని నమిలింది. ఒక గెంతు వేసి, ఆగి, ఇంకో గెంతు వేసి, ఏ అర్జెంటు పనీ లేని మనిషి నడిచినట్టు బాట వెంట పొదల్లోకి వెళ్ళిపోయింది. గులకరాయి తీసి పారేశాను. మోచేతికి దాని గుంట పడి ఉంది. బోర్లా ఉన్నవాణ్ణి వెల్లకిలా తిరిగి, అప్పుడు నేనూ ఊపిరి వదిలాను, అంతసేపూ నేనూ బిగపట్టే ఉన్నానని వదిలాకే తెలిసింది. ఆకాశం బాగా తెల్లబడింది. కెమెరా మొహం మీద పెట్టుకుని చూసుకున్నాను, ఉంది, చెవులున్నాయి, కళ్ళున్నాయి, మీసాలున్నాయి, గడ్డి పరక ఉంది, రవ్వంత కూడా అదరలేదు, ఇలాంటి ఫిల్ము వస్తే ఏ డాక్టరూ రెండోది అడగడు. నవ్వొచ్చింది, కళ్ళల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

ఇంటికి ఫోన్ చేశాను. మా ఆవిడ ఎత్తి ఏమైందని కూడా అడగలేదు, నా గొంతులో ఏం విందో, ఇదిగో దానికే ఇస్తున్నాను అంది. పిడుగు లేచే ఉన్నట్టుంది, ఆకలితో మాట పీలగా ఉంది.

"మొహమా?"

"మొహమే."

"నిజంగా చెప్పావా? మనసులో కాకుండా?"

"పైకే చెప్పాను."

"ఎలా చెప్పావో చెప్పు."

పొలంలో వెల్లకిలా పడుకుని, ఫోన్ బుగ్గకి ఆనించుకుని, కుందేలుకి చెప్పినట్టే చెప్పాను. ఊపిరి తీసుకో తల్లీ. అలాగే పట్టుకో. కదలకేం. అటు నుంచి ఏమీ వినపడలేదు. వంటింట్లో కుళాయి కారడం వినపడింది, ఎవరో కుర్చీ జరపడం వినపడింది, వెనక నుంచి మా అమ్మాయి, ఏమంటున్నాడే తాతయ్య అని అడగడం వినపడింది, పిడుగు మాత్రం ఉలకలేదు, పలకలేదు. లైను పోయిందేమోనని ఫోన్ తీసి చూశాను, పోలేదు. ఏమేవ్, పిల్ల ఫోన్ పెట్టేసిందా అని మా ఆవిడని కేకేయబోయి ఆగాను. కుళాయి చప్పుడుకి ఇవతల, ఫోన్‌కి మరీ దగ్గరగా, చాలా జాగ్రత్తగా ఏమీ చెయ్యకుండా ఒక చిన్న ప్రాణం నిలబడి ఉంది.

"ఇక వదిలెయ్ తల్లీ," అన్నాను.

నా చెవిలోకి ఉఫ్ మని దాని ఊపిరంతా వచ్చింది.